ఉప్పుకి ఇంటిపేరెందుకు?

కూర్చోండి, కూర్చోండి. వెనక వరసలకి వినిపిస్తోందా? సరే. మైకు దగ్గరికి రాగానే సంచీలోంచి రెండు ఉప్పు ప్యాకెట్లు తీశాను, చూశారుగా. ఒకటి ఈ వైపు నుంచి, ఇంకోటి ఆ వైపు నుంచి పంపిస్తున్నాను. ఒకటి పేరున్న కంపెనీది. రెండోది ఒక సూపర్‌మార్కెట్ తన సొంత పేరు వేసుకుని అమ్ముకునేది. ముందువైపు చూడకండి. వెనక్కి తిప్పి చిన్న అక్షరాలు చదవండి. కళ్లజోడు మర్చిపోయినవాళ్లు పక్కవాళ్లని అడగండి, మొహమాటం వద్దు.

నేను నిన్న రాత్రే చదివేశాను కాబట్టి చెప్పేస్తున్నాను. మొదటిదాంట్లో ఏముంది? ఉప్పు. పొటాషియం అయొడేట్, అది అయోడిన్ కోసం. తేమకి గడ్డ కట్టకుండా వేసేది, 536 నంబరు. ఇక రెండోదాంట్లో? ఉప్పు. పొటాషియం అయొడేట్. 536. బరువు కూడా అదే. ధర మాత్రం అదే కాదు. ఎక్కువ పెట్టి కొన్నవాళ్లు దేనికి ఎక్కువ ఇచ్చినట్టు? సోడియం క్లోరైడ్‌కి ఇంటిపేరు ఉంటుందా చెప్పండి! (నవ్వులు)

ఈ షాపు సరుకుని స్టోర్ బ్రాండ్ అంటారు, ప్రైవేట్ లేబుల్ అని కూడా అంటారు. నేను మాత్రం షాపు బ్రాండ్ అంటాను, నోటికి సులువు. నేను లెక్కల మనిషిని. ముప్పై ఏళ్లు జమాఖర్చులు రాశాను, ఆఫీసులోనూ ఇంట్లోనూ. అంతటి నేనే చాలా ఏళ్లు షాపు బ్రాండ్ ముట్టుకోలేదు. కారణం అడిగితే "క్వాలిటీ ఉండదండీ" అనేదాన్ని. ఎప్పుడైనా కొని చూశానా? లేదు. చూడకుండానే తీర్పు.

మరి సరుకు గురించి బాగా తెలిసినవాళ్లు ఏం కొంటారు? ఈ ప్రశ్న నాకంటే ముందే నలుగురు ఆర్థికవేత్తలు వేసుకున్నారు, అమెరికాలో. వాళ్ల పరిశోధన 2015లో అచ్చయింది. వాళ్లు చేసిన పని బాగుంటుంది. జనం నిజంగా కొన్న సరుకుల వివరాలు తీసుకుని, కొన్నవాళ్లు ఏ ఉద్యోగం చేస్తున్నారో దాని పక్కన పెట్టి చూశారు. తలనొప్పి మాత్రలు తీసుకుందాం. మామూలు మనిషి నూటికి 26 సార్లు పేరున్న కంపెనీ మాత్రే కొంటున్నాడు. ఫార్మసిస్టులో? నూటికి 9 సార్లు. మాత్రలో ఉండే మందేమిటో తెలిసినవాడు పేరుకి డబ్బులివ్వడం లేదన్నమాట. తర్వాత ఉప్పు, పంచదార లాంటి సరుకులు. వంటే వృత్తిగా ఉన్న చెఫ్‌లు, వంట వృత్తి కాని తమలాంటి ఇతరులతో పోలిస్తే, పేరున్న బ్రాండ్ల మీద పెట్టేది 12 శాతం పాయింట్లు తక్కువ, అంటే ఈ సరుకుల మీద పెట్టే ప్రతి వందలో 12 తక్కువ.

ఇది చదివినప్పుడు నాకు కొంచెం సిగ్గేసింది. పొదుపంటే నోరు కట్టుకోవడం అనుకునేదాన్ని. ఇక్కడ చూస్తే వంటలో ఆరితేరినవాళ్లే చవకది తీసుకుంటున్నారు. వాళ్లకి రుచి తెలియక కాదు కదా. ఏ సరుకు బ్రాండ్ మారినా రుచి మారదో వాళ్లకి తెలుసు.

సరే, చవక ఎలా అయింది? కల్తీయా? ఈ అనుమానం అందరికీ వస్తుంది. కంపెనీ సరుకు ధరలో సరుకు ఒక్కటే లేదు. టీవీలో కనిపించే తార ఉంది. ఆ తారని చూపించిన టీవీ ఉంది. ఊరూరా తిరిగే సేల్స్ మనుషులున్నారు. ఇంకొకటి, చాలామందికి తెలియనిది: చాలాచోట్ల కొత్త సరుకుకి ర్యాకులో చోటు కావాలంటే కంపెనీ షాపుకి డబ్బు కట్టాలి. మన కంటికి ఎదురుగా ఉండే అరకి గిరాకీ మరీ ఎక్కువ. షాపు బ్రాండ్‌కి ఈ బాధలేవీ లేవు. ర్యాకు తనదే, గోడ తనదే, బోర్డు తనదే. తార బదులు పెద్ద అక్షరాలతో "పంచదార" అని రాస్తే సరిపోతుంది.

అలాగని షాపువాడు మన మీద జాలితో తగ్గిస్తున్నాడని అనుకోకండి. వందకి వంద పాళ్లు వ్యాపారమే. తన బ్రాండ్ మీద అతనికి మిగిలేది చాలాసార్లు కంపెనీ సరుకు మీద మిగిలేదానికంటే ఎక్కువ. అతనికీ లాభం, మనకీ తక్కువ ధర. మధ్యలో లేనిది ప్రకటన ఖర్చు.

ఇక్కడ ఒక కథ చెప్పాలి. నాకు ఇష్టమైన కథ, కొంచెం సేపు పడుతుంది. 1925లో స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్‌లో గాట్లీబ్ డుట్‌వైలర్ అనే ఆయన అయిదు లారీలు కొని సరుకులు వేసుకుని వీధుల్లోకి వచ్చాడు. ఆరే ఆరు సరుకులు: కాఫీ, బియ్యం, పంచదార, పాస్తా, కొబ్బరి కొవ్వు, సబ్బు. షాపు అద్దె లేదు, అలంకారం లేదు, ధర తక్కువ. జనం ఎగబడ్డారు. షాపులవాళ్లకి కడుపు మండింది. పేరున్న కంపెనీలు కూడా "నీకు మా సరుకు ఇవ్వం" అని తలుపులు మూసేశాయి. ఆయనకి దొరికితే కదా అమ్మడానికి! ఏం చేశాడూ? 1928 నుంచి తనే ఫ్యాక్టరీలు పెట్టుకోవడం మొదలుపెట్టాడు. ఇవ్వనన్నవాళ్ల సరుకే తను తయారుచేసి, తన పేరుతో అమ్మాడు.

పేర్లు పెట్టడంలో ఆయన కొంటెతనం చూడండి. అప్పట్లో కెఫీన్ తీసేసిన కాఫీ ఒకటి బాగా ప్రసిద్ధి, దాని పేరు కాఫీ హాగ్. జర్మన్‌లో హాగ్ అంటే కంచె. ఈయన తన కాఫీకి పెట్టిన పేరు కాఫీ ట్సౌన్. ట్సౌన్ అంటే దడి! (నవ్వులు) వాళ్లది కంచె, నాది దడి. ఓవోమాల్టిన్ అని పాలలో కలుపుకునే పొడి ఒకటి ఉండేది. ఓవో అంటే లాటిన్‌లో గుడ్డు. ఈయన పొడి పేరు ఐమాల్జిన్. ఐ అంటే జర్మన్‌లో గుడ్డు. ఎవరికి అర్థం కావాలో వాళ్లకి అర్థమైంది. ఆయన పెట్టిన సంస్థే మిగ్రోస్. ఇవాళ్టికీ స్విట్జర్లాండ్‌లో జనం కొనే ఇంటి సరుకుల్లో సుమారు సగం షాపు బ్రాండ్లే. అమెరికాలో అది అయిదో వంతు దగ్గర ఉంటుంది. అక్కడా ఇక్కడా నాలుకలు ఒకటే. అలవాటే వేరు.

మిగతా చరిత్ర గబగబా చెప్పేస్తాను. 1976లో ఫ్రాన్స్‌లో కార్‌ఫూర్ వాళ్లు యాభై సరుకుల్ని తెల్లటి ప్యాకెట్లలో, ఏ బ్రాండూ లేకుండా పెట్టారు. 1978లో కెనడాలో లాబ్లాస్ వాళ్లు పసుపు ప్యాకెట్ మీద నల్లక్షరాలతో సరుకు పేరు రాసి అమ్మారు. బ్రాండ్ పేరు ఏమిటో తెలుసా? "నో నేమ్". పేరు లేకపోవడమే దాని పేరు. జపాన్‌లో ఒక సూపర్‌మార్కెట్ 1980లో ఇలాగే "బ్రాండ్ లేని మంచి సరుకు" అనే అర్థం వచ్చేలా ముజి మొదలుపెట్టింది. తర్వాత అదే పెద్ద బ్రాండై కూర్చుంది! ఆ కెనడా వాళ్లే 1984లో ఖరీదైన షాపు బ్రాండ్ ఇంకొకటి తెచ్చారు. అది మొదలు షాపు బ్రాండ్‌లోనూ మెట్లు వచ్చాయి: చవకది, మామూలుది, నాజూకుది. ఆ నాజూకుదాని ధర ఒక్కోసారి కంపెనీ సరుకుని కూడా దాటుతుంది. షాపు పేరు కనిపించగానే చవక అనుకుని ట్రాలీలో పడేయకండి.

"అంతా ఒకే ఫ్యాక్టరీలో తయారవుతుందటగా" అని ఆ మూల ఎవరో అంటున్నారు. సగం నిజమండీ అది. 2007లో అమెరికా, కెనడాల్లో కుక్కలు, పిల్లులు జబ్బు పడ్డాయి. చూస్తే వాటి తిండిలో కలిపిన గోధుమ పదార్థంలో మెలమైన్ అనే, ప్లాస్టిక్ తయారీలో వాడే రసాయనం తేలింది. అప్పుడు ఒక్క తయారీదారు వెనక్కి తీసుకున్న డబ్బాలూ ప్యాకెట్లూ దాదాపు 6 కోట్లు. వాటి మీద ఉన్న పేర్లు పదుల కొద్దీ! ఖరీదైన కంపెనీల పేర్లూ ఉన్నాయి, షాపుల సొంత బ్రాండ్లూ ఉన్నాయి. అన్నీ ఒక్కచోటి నుంచి వచ్చినవే. అప్పటిదాకా కొన్నవాళ్లకి తెలియదు.

ఇక రెండో సగం. ఫ్యాక్టరీ ఒకటైతే సరుకు ఒకటి కానక్కర్లేదు. ఒకే వంటగదిలో ఒకే వంటమనిషి మీకో తీరుగా, పక్కింటికో తీరుగా వండొచ్చు. పొద్దున ఆ కంపెనీ కొలతలతో, మధ్యాహ్నం షాపువాడి కొలతలతో. జీడిపప్పు ఎన్ని వేయాలన్నది చెప్పేది డబ్బులిచ్చేవాడే. అందుకే నన్ను ఎవరైనా "ఎక్కడ తయారైంది" అని అడిగితే, "అది సరే, ముందు దేంతో తయారైందో చూడండి" అంటాను.

ఎలా చూడాలి? చాలా దేశాల్లో రూలు ఒకటే: ఏది ఎక్కువ బరువు పడిందో అది ముందు రాయాలి, తక్కువ పడింది తర్వాత. టమాటా సాస్ సీసా తిప్పండి. ఒకదాని మీద మొదటి మాట టమాటా ఉంటుంది. ఇంకోదాని మీద మొదటి మాట నీళ్లు, రెండోది పంచదార, ఆ తర్వాత టమాటా. అప్పుడు ధర తేడాకి కారణం ఉన్నట్టే. షాపు బ్రాండ్‌ది నీళ్లతో మొదలైతే వదిలేయండి. కంపెనీదే నీళ్లతో మొదలైతే, అలాంటివీ ఉన్నాయి సుమా, దాన్ని వదిలేయండి. పేరు గొప్ప ఊరు దిబ్బ.

నూనె సంగతి వేరుగా చెప్పాలి, అందులో నేనే బోల్తా పడ్డాను. రెండు ప్యాకెట్లు పక్కపక్కన ఉన్నాయి. చవకది తీసుకుని మురిసిపోయాను. ఇంటికొచ్చి చూస్తే అది లీటరు, పక్కనున్నది కిలో. నూనె నీళ్ల కంటే తేలిక కదా, లీటరు నూనె తూస్తే 910, 920 గ్రాములే వస్తుంది. ఎనభై, తొంభై గ్రాములు తక్కువ కొని పొదుపు చేశాననుకున్నాను! అందుకే ప్యాకెట్ ధర చూడొద్దు. కిలోకి ఎంత, లీటరుకి ఎంత, అది చూడాలి. యూరప్ దేశాల్లో 1998లోనే చట్టం చేశారు, షాపువాడు ఆ ధర కూడా ర్యాకు మీద రాయాలని. రాయనిచోట మన ఫోన్లోనే లెక్కల యంత్రం ఉంది. డబ్బాలో వచ్చే కూరగాయలు, పండ్లు అయితే నీళ్లు వంపేశాక మిగిలే బరువు కూడా వేస్తారు. అసలు చూడాల్సింది దాన్ని. ఉప్పునీళ్లకి డబ్బులు పోయడమెందుకు?

ఈ లెక్క వేయడం మొదలుపెడితే అప్పుడప్పుడు తమాషా జరుగుతుంది. కంపెనీవాళ్లు ఆఫర్ పెట్టిన వారం వాళ్లదే షాపు బ్రాండ్ కంటే చవక పడుతుంది. ఆ వారం కంపెనీదే కొనండి, ఎవరూ ఏమీ అనరు.

నా ఓటమి ఇంకోటి చెబుతాను. గిన్నెలు తోమే లిక్విడ్. ఒక షాపు బ్రాండ్‌ది, పేరు చెప్పను, సగం ధరకి వస్తోందని పెద్ద క్యాన్ తెచ్చాను. మొదటి రోజు ఒక చుక్క వేశాను, నురగ లేదు. రెండో చుక్క. జిడ్డు కదల్లేదు. మూడో చుక్కకి పని అయింది. పాత సీసా నెలన్నర వచ్చేది. ఈ క్యాన్ దానికి రెండింతలు ఉన్నా నెల తిరక్కుండానే అడుగంటింది. మూడింతలు వాడాను కదా మరి. సగం ధర అన్నది కాగితం మీదే మిగిలిపోయింది. అప్పటి నుంచి సబ్బులు, డిటర్జెంట్లు కొత్తవి తెస్తే మూత మీద తేదీ రాస్తున్నాను, ఎన్నాళ్లు వస్తుందో తెలియడానికి. చెత్త సంచులు కూడా అంతే. గుమ్మం దాటకుండా చిరిగిపోయే సంచి ఎంత చవకైనా ఖరీదే.

కాబట్టి నేను మొదట మార్చింది ఒకే పదార్థం ఉన్న సరుకులు. ఉప్పు, పంచదార, వంట సోడా, పిండి. వీటిలో పనితనం చూపించడానికి చోటే లేదు. తర్వాత పాలు, గడ్డకట్టించిన బఠానీలు. ఆ తర్వాతే నాలుగైదు పదార్థాలు కలిసినవి. బిస్కెట్లు, సాస్‌లు, టీ, కాఫీ చివరికి పెట్టుకున్నాను, ఎందుకంటే అక్కడ నిజంగానే పనితనం తేడా ఉంటుంది. ఒకేసారి ట్రాలీ అంతా మార్చకండి. ఒక్కటి నచ్చకపోయినా ఇంట్లోవాళ్లు అన్నిటినీ కలిపి తిడతారు.

ఇంట్లోవాళ్లంటే గుర్తొచ్చింది. నాలుక కంటే ముందు కన్ను తింటుందండీ. 2007లోనే అమెరికాలో మూడు నుంచి అయిదేళ్ల పిల్లలు 63 మందికి ఒక పరీక్ష పెట్టారు. ఒకే తిండి, ఒకటి మెక్‌డొనాల్డ్స్ కాగితంలో, ఒకటి మామూలు కాగితంలో. పిల్లలు ఎక్కువగా ఆ పేరున్న కాగితంలోదే రుచి అన్నారు. క్యారెట్ ముక్కలకి కూడా అదే మాట! అక్కడ అమ్మని సరుకది. పిల్లలే ఇలా అని నవ్వకండి, మనమూ తక్కువేం కాదు. మా అబ్బాయి షాపు బ్రాండ్ కార్న్‌ఫ్లేక్స్ అట్ట రుచిలా ఉన్నాయని నెలరోజులు పేచీ పెట్టాడు. ఒకరోజు పాత అట్టపెట్టెలో అవే పోసి పెట్టాను. "చూశావా, ఇవీ అసలువి" అన్నాడు. (నవ్వులు) నిజం ఎప్పుడు చెప్పాలో ఇంకా తేల్చుకోలేదు.

మీకు మీరే మోసపోకుండా ఉండాలంటే ఒక పద్ధతుంది. ఆహార కంపెనీల ల్యాబుల్లో వాడేదే. మూడు కప్పులు పెట్టండి. రెండింటిలో ఒకటే సరుకు, మూడోదాంట్లో వేరేది. ఏది ఎక్కడుందో ఇంకొకరు పెట్టాలి, మీరు చూడకూడదు. "ఏది బాగుంది" అని అడగొద్దు, "ఏది వేరు" అని అడగండి. తేడానే పట్టుకోలేనప్పుడు ఇక బాగుండటం ప్రశ్నే లేదు. ఊరికే గుడ్డిగా చెప్పినా మూడింట ఒకసారి తగులుతుంది కాబట్టి ఒకసారితో ఆపకండి.

టైమైపోయిందా? రెండు ప్రశ్నలు తీసుకుందాం.

(సభలోంచి: షాపు బ్రాండ్ మీద నమ్మకం ఏమిటండీ, ఏమైనా జరిగితే?)

మంచి ప్రశ్న. 2013లో యూరప్‌లో గొడ్డుమాంసమని అమ్మినవాటిలో గుర్రం మాంసం బయటపడింది. ఒక సూపర్‌మార్కెట్ సొంత బ్రాండ్ బర్గర్‌లో ఉన్న మాంసంలో 29 శాతం గుర్రానిదే. అయ్యో చూశారా, షాపు బ్రాండ్ అనేలోపే పేరున్న కంపెనీ లసాన్యాలోనూ, అంటే మాంసం వేసి చేసే పాస్తా వంటకంలోనూ, దొరికింది, అందులో ఇంకా ఎక్కువ. పేరు ఎవరినీ కాపాడలేదు. ఆహార చట్టాలు రెండింటికీ ఒకటే. ఒక్క జాగ్రత్త చెబుతాను. షాపువాళ్లు తయారీదారుని మారుస్తుంటారు, ముందువైపు బొమ్మ మారదు, లోపలిది మారుతుంది. ఇంట్లో ఎవరికైనా వేరుశెనగ, పాలు, గోధుమ లాంటివి పడకపోతే పోయినసారి చదివాం కదా అని ఊరుకోకండి. ప్రతిసారీ చదవాలి.

(సభలోంచి: అందరం షాపు బ్రాండే కొంటే చిన్న కంపెనీలు ఏమైపోతాయి?)

దెబ్బ తింటాయి. నేను దాచను. కొత్త రుచి కనిపెట్టేది చాలాసార్లు చిన్న కంపెనీలే. అది బాగా అమ్ముడుపోతోందని బిల్లింగ్ కౌంటర్లో అందరికంటే ముందు తెలిసేది షాపువాడికి. ఏడాది తిరిగేసరికి అదే రంగు మూత, అదే ఆకారం సీసా, షాపు పేరుతో పక్కనే కూర్చుంటుంది. నాకు అది నచ్చదు. అలా కాపీ కొట్టిందని తెలిస్తే అసలుదే కొంటాను, ఎక్కువైనా సరే. ఉప్పు దగ్గర మిగిల్చింది అక్కడ ఖర్చు పెట్టుకుంటాను.

ఆఖరిది. ఆ పచ్చ చీరావిడ.

(సభలోంచి: మీ ఇంట్లో ఇంకా కంపెనీదే కొనేది ఏమైనా ఉందా?)

ఉందండీ. టీపొడి. మూడు కప్పుల పరీక్ష మూడుసార్లు పెట్టించుకున్నాను, మూడుసార్లూ పట్టేశాను. గుడ్డిగా చెబితే అలా తగలడం ఇరవై ఏడింట ఒకసారే, కాబట్టి నా నాలుకని నమ్ముతున్నాను. మా ఆయన కూడా "నాకు తెలియదా" అని కూర్చున్నారు. మూడుసార్లూ తప్పారు. అందుకని మా వంటింట్లో ఇప్పుడు రెండు టీ డబ్బాలు ఉన్నాయి.

(నవ్వులు, చప్పట్లు)

ఆ ఉప్పు ప్యాకెట్లు రెండూ ఎవరి దగ్గరున్నాయి? ఇలా ఇచ్చేయండి, రాత్రి వంటకి కావాలి.